బర్మా పిల్లల మార్కులు

అరవై ఎనిమిదో సంవత్సరం. నౌపడ దగ్గరి ఓ ఊరి హైస్కూల్లో, ఎస్సెల్సీ ఫలితాలు వచ్చిన మర్నాడు కమిటీ కూర్చుంది.

యాభై మంది రాస్తే పద్దెనిమిది మందే గట్టెక్కారు.

"బర్మా నుంచి ఓడల్లో వచ్చినోళ్ళ పిల్లల్ని సేర్సుకున్నాం. ఊరి పరువు పోనాది," అన్నాడు ప్రెసిడెంటు నరసింగరావు. "ఇకమీదట ఆళ్ళకి సీట్లు లేవు. రాయండి మేస్టారూ."

హెడ్మాస్టరు భావనారాయణ కలం తీశాడు.

గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. తవిటమ్మ. బర్మా కాలనీ మనిషి. ఉప్పుమడుల్లో కూలి. కాళ్ళకు ఉప్పు తెల్లగా అట్టకట్టి ఉంది.

"ఒక్క మాట బాబూ. మా పిల్లల మార్కులు ఏరేగా తీసి సూడండి."

"నీ పిల్లలెందరు రాసినారు?" అడిగాడు నరసింగరావు.

"నాకు పిల్లల్లేరు బాబూ."

"మరి నీకేటి పని? ఉప్పు మోసేదానివి, మార్కుల సంగతి మాకు సెప్తావేటి?"

ఎవరో నవ్వారు.

"బర్మాలో మమ్మల్ని పరాయోళ్ళని గెంటేసారు. ఇక్కడా అదే మాటంటే, మాకింక ఊరేది బాబూ?"

"సంతకం పెట్టండి మేస్టారూ," అన్నాడు నరసింగరావు.

భావనారాయణ తలెత్తకుండా సంతకం పెట్టాడు. తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

రెండ్రోజులు ఆయనకు అన్నం సయించలేదు. మూడోనాడు మార్కుల పట్టీ తీసి కూర్చున్నాడు. ఊరి పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది రాస్తే తొమ్మిది మంది పాసయ్యారు. బర్మా పిల్లలు పన్నెండు మందిలో తొమ్మిది మంది.

భావనారాయణ ఆ లెక్క రాసిచ్చిన కాగితం నరసింగరావు రెండుసార్లు చదివాడు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు.

"పదండి. సీట్లిస్తామని ఆవిడికి నేనే సెప్తాను."

కాలనీలో సగం పాకలు ఖాళీ.

"పిల్లల్ని బళ్ళో సేర్సుకునే ఊరు ఎతుక్కుంటామని పొద్దున్న బండికి ఎల్లిపోనారు," అంది పక్క పాకలోని ముసలామె.

తవిటమ్మ పాకా ఖాళీయే. దాని ముందు ఒక పిల్ల కూర్చుని ఏడుస్తోంది. నరసింగరావు కూతురు జగదీశ్వరి. ఈ ఏడు స్కూలు మొత్తానికి లెక్కల్లో ఫస్టొచ్చిన పిల్ల.

"నువ్విక్కడేటి సేస్తన్నావే?"

"రెండేళ్ళబట్టి రోజూ వస్తన్నాను నాన్నా. నాకూ, ఆ పన్నెండు మందికీ లెక్కలు సెప్పింది ఆవిడే. రంగూన్లో పాతికేళ్ళు పంతులమ్మ."

నరసింగరావు ఖాళీ పాకలోకి చూశాడు.

"మరి ఆ రోజు ఆ ముక్క సెప్పలేదేటి?"

"సెప్పనిచ్చేరా?" జగదీశ్వరి కళ్ళు తుడుచుకుంది. "తప్పిన మన ఊరి పిల్లలకి సెప్టెంబరు పరీక్షకి ఊరికే లెక్కలు సెప్తానని అడగడానికే ఆవిడ బడికొచ్చింది నాన్నా."