గోడ పక్క

ఈ దేశంలో ఉండిపోవడానికి దొంగ పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళను పట్టుకోవడమే నా ఉద్యోగం. పెళ్ళి ఫోటోలు నేను నమ్మను. మొగుడినీ పెళ్ళాన్నీ విడివిడిగా పిలిచి ఒకటే ప్రశ్న వేస్తాను.

"మీ ఆవిడ మంచం మీద ఏ పక్క పడుకుంటుందయ్యా?"

"గోడ పక్క సార్," అన్నాడు భర్త, తడుముకోకుండా.

అతన్ని బయటికి పంపి, ఏడాది కిందట ఈ దేశానికి వచ్చిన భార్యను పిలిచాను.

"తలుపు పక్కనండీ," అంది.

దొరికారు! భర్తను మళ్ళీ లోపలికి పిలిపించాను.

"ఏడాది కాపురం, ఒకటే మంచం. అబద్ధం ఎవరిది?"

అతని మొహం పాలిపోయింది. "నాది రాత్రి డ్యూటీ సార్, తనది పగలు. నేను వచ్చేసరికి తను వెళ్ళిపోయి ఉంటుంది. తను పడుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు. నేను వచ్చి పడుకునేసరికి గోడ పక్క ఇంకా వెచ్చగా ఉంటుంది కదా అని అలా చెప్పాను."

నేను ఆమె వైపు తిరిగాను.

"రాత్రిళ్ళు ఒంటరిదాన్ని కదండీ, ఎవరైనా తలుపు కొడితే వినపడాలని అటే పడుకుంటాను. గోడ పక్క ఆయన చోటు. చలిలో పడి వస్తారని, వెళ్ళేముందు కాసేపు అటు జరిగి వెచ్చబెట్టి లేస్తాను."

భర్త ఆమెనే చూస్తున్నాడు. నాకింకా అనుమానమే.

"మరి ఇన్నాళ్ళూ ఆయనకు చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పనండీ? ఇద్దరికీ ఒకేరోజు సెలవు దొరికింది ఇవాళే, మీరు రమ్మన్నారని."