ముందుకి జరిపిన సీటు

పాత కార్ల మ్యూజియంలో, తాను పదేళ్ళు నడిపిన యజమాని కారు కనబడగానే అన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. కాపలాదారుని బతిమాలి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి.

"ఎవరో నీలాంటి పొట్టివాడు సీటు ముందుకి లాక్కున్నాడ్రా," అన్నాడు.

తమ్ముడు బంపరుకేసి చూశాడు. సొట్ట ఎప్పుడో తీసేశారు. ఆ సొట్టకే అన్నయ్య ఉద్యోగం ఊడింది. ముందురోజు రాత్రి చెప్పకుండా కారు తీసి గేటుకి గుద్దింది తానేనన్న మాట ముప్పై ఏళ్ళుగా అతని గొంతు దాటలేదు.

"అన్నయ్యా, ఆ సొట్ట..."

"ఆ పొద్దున కారెక్కినప్పుడూ మోకాళ్ళు ఇలాగే తగిలాయి."

తమ్ముడు కారు తలుపు పట్టుకున్నాడు. "మరి అయ్యగారికి చెప్పలేదేం?"

అన్నయ్య స్టీరింగుని నిమిరాడు.

"నువ్వే చెబుతావేమోనని చూశాన్రా."