నలభయ్యో నిమిషం

“వాళ్లకి మూపురం కనపడలేదట.”

ఉత్తరం సిద్ధాంతి చేతిలోంచి జారి బల్లమీద పడింది. వేరే ప్రయోగశాల వాళ్లు అదే మెరిసే పొడి వెలుగుని ఇరవైసార్లు కొలిచారు. ఒక్కసారీ రాలేదు.

సిద్ధాంతి అన్నది ఆ భవనంలో వాళ్లు పెట్టిన పేరు. ఆయన పొడిని ముట్టుకోడు, యంత్రం జోలికి పోడు. మెరిసే పదార్థం ఎలా మెరుస్తుందో కాగితం మీదే తేలుస్తాడు. వెలుతురు తాగిన పొడిలో ఎలక్ట్రాన్లు గుంటల్లో పడతాయి. ఒక్కొక్కటే గట్టెక్కుతూ కాస్త కాస్త వెలుగు విడుస్తాయి. దీపం ఆర్పాక ఆ వెలుగు తగ్గుతూ పోవాలి. గ్రాఫు జారుడుబల్లలా దిగాలి. ఇక్కడ మాత్రం నలభయ్యో నిమిషంలో ఎద్దు మూపురంలా చిన్న ఎత్తు లేచేది. ఏ పనిరోజూ తప్పకుండా.

దానికోసం సిద్ధాంతి రెండో గుంటను ఊహించాడు. దానికో లోతు, రెండు గుంటల మధ్య ఓ దొంగదారి. రెండేళ్లు సమీకరణాలతో కుస్తీ పట్టాడు. చివరికి లెక్క మూపురం మీద అతికినట్టు కూర్చుంది. శాలువా కప్పారు. ఇప్పుడు విచారణకి ముగ్గురు పెద్దల్ని పంపారు.

కొలతలు తీసేది చీకటమ్మ. పదో తరగతి మధ్యలో చదువాగిపోయిన పిల్ల. సరిగ్గా పదింటికి దీపం ఆర్పి, చీకటిగదిలో గంటసేపు పొడి ముందు కూర్చుని నిమిషానికోసారి మీట నొక్కి వెలుగు కొలవడం ఆమె పని. ఆ పేరు అందుకే. ఆ జీతం మీదే మూడేళ్ల కొడుకు ఉబ్బసం మందులు నడుస్తున్నాయి.

“లోపలికి ఫోను తీసుకెళ్తావా?” పెద్దాయన అడిగాడు.

ఆమె చేతులు నలుపుకుంది. “బాబుకి ఆయాసం సార్. ఎప్పుడేమవుతుందోనని జేబులో పెట్టుకుంటాను. చప్పుడు రాకుండా.”

“వెలుగుతుందా?”

“నేను ముట్టుకోను సార్. మెసేజ్ వస్తే అదే వెలుగుతుంది. గుండె గుభేల్మని తీసి చూస్తాను. కానీ ఆ మెసేజీలు...”

“అదే వెలుగుతుందా! యంత్రం కొలిచిన మూపురం ఆ వెలుగేనన్నమాట. అయితే ఫోనుక్కూడా ఓ గుంట తవ్వండి మాస్టారూ,” అన్నాడు రెండో పెద్దాయన. మిగతావాళ్లు పగలబడి నవ్వారు.

సిద్ధాంతి ముఖం కందగడ్డ అయింది. “రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. అత్తాకోడళ్ల కబుర్లకా నేను సమీకరణం రాసింది? బిడ్డ మీద అంత బెంగుంటే ఇంట్లోనే కూర్చోవమ్మా!”

“సార్, ఒక్కమాట...”

“నోరెత్తకు.”

‘కొలతల్లో పొరపాటు, సిద్ధాంతకర్త తప్పు లేదు’ అని రాసుకున్నారు. ఆమె ముందుకి రాజీనామా కాగితం తోశారు. సంతకం పెట్టి, తాళంచెవి బల్లమీద పెట్టి వచ్చేసింది.

మధ్యాహ్నానికే ఇల్లు చేరిన కోడల్ని చూసి అత్తగారు కంగారుపడింది. భుజమ్మీద బాబు గురకలాంటి ఊపిరితో నిద్రపోతున్నాడు. సంగతంతా విని ఆవిడ నోరెళ్లబెట్టింది.

“నేనా? నాకు అక్షరమ్ముక్క రాదు గదే! ఫోను ఎత్తడమే మొన్న నేర్చుకున్నా. నీకు మెసేజీలు పెట్టానంటారా? వాళ్ల నోట్లో మన్నుపడ!”

“మీరని నేను చెప్పలేదత్తయ్యా. వాళ్లే అనుకున్నారు.”

“మరెవరే? మావాడా?”

“నాకు పనిలో తల గోక్కునే తీరికెక్కడిదమ్మా,” అన్నాడు భర్త, భోజనానికొచ్చినవాడు. “ఏదీ, ఇలా ఇవ్వు.”

ఆమె ఫోను అతని చేతిలో పెట్టింది.

రెండేళ్ల మెసేజీలూ ఒక్క నంబరు నుంచే, అన్నీ పది నలభైకే, క్లాసు ముగించి బయటికొస్తూ ఆత్రం పట్టలేక సిద్ధాంతి పెట్టినవే: మొదటిరోజు “ఏమైనా తేలిందా?” అని, ఆ తర్వాత రోజూ “మూపురం లేచిందా?” అని.