రూపాయి తగ్గేది లేదు

ఉగ్గాని, మిరపకాయ బజ్జీల కోసం జనం ఎగబడే వేళ చూసుకుని మరీ వచ్చింది తిమ్మమ్మ. పుష్పావతి హోటలు గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

"ఏందే, దావలో కూచుంటివి?" పొయ్యి దగ్గర్నుంచి అడిగింది పుష్పావతి.

"దుడ్ల సంగతి తేలేదాకా లేచేది లేదు."

బజ్జీలు దేవుతున్న జల్లిగరిటె పుష్పావతి చేతిలో ఆగిపోయింది. "ఈడనా? ఇంతమంది ముందరా?"

"ఇంతమంది ముందరే. అనేటప్పుడు నువ్వు పదిమందిలోనే అంటివి కదా!"

విడపనకల్లులో ఈ ఇద్దరినీ విడివిడిగా చూసినవాళ్ళు తక్కువ. ఒకే ఏడు ఊరికి కోడళ్ళుగా వచ్చారు. ఒకే చేలో కలుపు తీశారు. ఒకే గిన్నెలో సంగటి తిన్నారు. కష్టం కూడా ఇద్దరికీ ఒకే ఏడు వచ్చింది. తిమ్మమ్మ చేలో బోరు ఎండిపోయింది. పుష్పావతి పాత హోటలు రోడ్డు వెడల్పులో పోయింది. అప్పుడే వాళ్ళ మధ్య దుడ్లు చేతులు మారాయి. కాగితం లేదు, సాక్షి లేదు. మనిషి మీద మనిషికి నమ్మకం, అంతే.

తర్వాత తిమ్మమ్మ చేలో కొత్త బోరు పడింది. రోడ్డు పక్కన పుష్పావతి కొత్త హోటలు లేచింది. బాకీ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

పోయిన నెల పాలకేంద్రం దగ్గర మాటల్లో మాటగా పుష్పావతి నవ్వుతూ అన్నదట. "ఆ దుడ్లు నేనెప్పుడో మర్చిపోయినా. ఆయమ్మను గూడా మర్చిపొమ్మను."

ఆ మాట చెవిన పడిన పూట తిమ్మమ్మకు కూడు సయించలేదు. మర్చిపొమ్మనడానికి తానేమన్నా బిచ్చమెత్తిందా? ఎండలో ఒళ్ళు కాల్చుకునే మనిషికి దుడ్ల విలువ తెలియదా? ఆ రోజు నుంచి హోటలు దిక్కు చూడలేదు. పుష్పావతి ఎదురుపడితే ముఖం తిప్పుకుని పక్క సందులోకి మళ్ళింది. నిన్నటికి దొడ్లో ఉన్న పొట్టేళ్ళు కూడా సంతకు పోయాయి. ఇంక ఆలస్యం చేయకూడదనుకుంది.

"వద్దే, ఇన్నేండ్ల స్నేహం చెడతాది. పోనీలే" అన్నాడు మొగుడు.

"పోనీలే అంటే నేను తిమ్మమ్మనే కాదు" అని చెప్పులేసుకుని బయల్దేరింది.

ఇప్పుడు తిని బయటికి పోయేవాళ్ళు ఆమెను దాటలేక నిలబడ్డారు. లోపలికి రావాల్సినవాళ్ళు రోడ్డు మీదే ఆగిపోయి వింత చూస్తున్నారు.

టీ తాగుతున్న సురేంద్ర గ్లాసు పక్కన పెట్టాడు. అతను ఒకప్పటి వార్డు మెంబరు. పదవి పోయినా పంచాయితీలు చేసే అలవాటు పోలేదు.

"మొత్తం ఎంతియ్యల్ల తిమ్మక్కా?"

"ఎంతనేది మా ఇద్దరికీ తెలుసులే. అసలుండాది, వడ్డీ ఉండాది. రూపాయి తగ్గేది లేదు."

"వడ్డీనా!" పుష్పావతి గరిటె కింద పడేసి వచ్చింది. "మన మధ్య వడ్డీ యాడిదే? ఆ పొద్దు ఎవురన్నా వడ్డీ మాట ఎత్తినారా?"

"ఎత్తకుంటే? ఊర్లో అందరికీ ఒక లెక్క, మనకొక లెక్కనా?"

"వానల్లేక ఊరంతా అల్లాడతాండాది. చెనక్కాయకు ఊడలు గూడా దిగల్యా. ఇట్లాంటప్పుడా దుడ్ల మాట?"

"ఈ సీమలో వాన ఎప్పుడు సరిగ్గా కురిసిందే? వాన కోసం కాసుక్కూచుంటే బాకీలు మన మనవళ్ళ దాకా పోతాయి."

సురేంద్ర గొంతు సవరించుకున్నాడు. "పుష్పక్కా, హోటలు బాగనే నడుస్తాండాది కదా. మాట నిలబెట్టుకోవల్ల. పోనీ, నెలకింతని కట్టేట్ల చేద్దామా?"

"కంతులు గింతులు కుదరవు." తిమ్మమ్మ అతని వైపు తల కూడా తిప్పలేదు. "ఒకేతూరి. ఈ పొద్దే. ఈడనే."

బల్లల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. "పాపం తిమ్మక్క" అన్నారొకరు. "దుడ్ల దగ్గర ఎవురైనా అంతేలేప్పా" అన్నారింకొకరు. పుష్పావతి ముఖం కందిపోయింది.

"లెయ్యే, నా పరువు తీయొద్దు. ప్లేటు ఉగ్గాని తిని ఇంటికి పో. తర్వాత చూద్దాం."

"ఇది తేలకుండా నీ హోటల్లో మంచినీళ్ళు గూడా ముట్టను. నువ్వు నా గడప తొక్కొద్దు. నేను సచ్చినా చూసేకి రావొద్దు."

పుష్పావతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. బజ్జీలు మాడుతున్న వాసన వస్తున్నా వెనక్కి చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో తిమ్మమ్మ పక్కనే కూలబడింది.

"ఆ మాట అనకూడదే, అనేసినా. తప్పు నాదే. నీకింత కోపమొస్తాదనుకోల్యా."

"కోపం కాదే. నలుగురిలో చులకనైపోతి."



"సరే, నీ మాటే కానీ" అన్నది పుష్పావతి చివరికి. "వడ్డీ మాట మాత్రం ఎత్తొద్దు. అసలు వరకైతేనే."

వడ్డీ లేకుండా తేల్చుకోవడం తిమ్మమ్మకు మింగుడు పడలేదు. పుష్పావతి తడి కళ్ళ వైపు ఒకసారి చూసి తల ఊపింది. "సరే. నీ కోసరం ఒప్పుకుంటాండా."

"శెభాష్!" సురేంద్ర చప్పట్లు కొట్టాడు. "చూడండప్పా, తిమ్మక్కది ఎంత పెద్ద మనసో! వడ్డీ మొత్తం వదిలేసింది."



తిమ్మమ్మ రవికెలో చెయ్యి పెట్టి నోట్ల కట్ట తీసి, ఇంకా వద్దన్నట్టు వెనక్కి లాక్కుంటున్న పుష్పావతి గుప్పిట విప్పి అందులో పెట్టి, "ఎంచుకోవే, నీ అప్పు తీర్చేసినా" అన్నది.