పైకప్పు మీద పెద్దాయన

ఇంకాసేపట్లో సీరియల్ మొదలవుతుందనగా బెరిల్ టీవీ నిండా చీమలు పాకాయి.

"గాలికి యాంటెన్నా తిరిగిపోయింది!" లబోదిబోమంది బెరిల్.

వీధి మొత్తానికి కలర్ టీవీ ఆమె ఇంట్లోనే ఉంది. ఆదివారం సాయంత్రమైతే చాలు, ఆడవాళ్ళంతా అల్లికలు చంకన పెట్టుకుని వచ్చేస్తారు. ఆ సీరియల్లో కారే పైకప్పుతో, తిండిపోతు కుక్కతో లార్డ్ మార్చ్‌బీ తన బంగళాలో పడే పాట్లు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు.

ఇవాళ ఆఖరి భాగం. లార్డు గారు వంటమనిషిని పెళ్ళాడతాడా లేదా అని వారం నుంచి ఊరంతా ఒకటే గోల.

"మా ఇంటికి పోదాం రండమ్మా. నలుపూ తెలుపే అయినా బొమ్మంటూ కనిపిస్తుంది," అంది ఎదురింటి డోరీన్, తేనె ఒలికిస్తూ.

బెరిల్ గబగబా వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడింది. ఇవాళ వీళ్ళు గడప దాటారంటే ఇక తన ఇంటి మొహం చూడరు.

అప్పుడే తలుపు చప్పుడైంది. ఎదురుగా వానకోటు వేసుకున్న పెద్దాయన.

బొమ్మ పోగానే బెరిల్ మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"వచ్చావా నాయనా! బతికించావు. నిచ్చెన పెరట్లో ఉంది."

"అది కాదమ్మా, నేను..."

"కబుర్లు తర్వాత! ముందు ఎక్కు!"

ఇంతమంది ఆడవాళ్ళ ముందు కాదనడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, ఆయన నిచ్చెన ఎక్కాడు.

"కాస్త ఎడమకి... ఇంకాస్త... ఆఁ, కదలకు!"

బొమ్మ అద్దంలా వచ్చింది. ఆయన చెయ్యి తీస్తే మళ్ళీ చీమలే.

"అలాగే పట్టుకో నాయనా, నీకు పుణ్యముంటుంది!" కిటికీలోంచి అరిచింది బెరిల్.

బయట చినుకులు మొదలయ్యాయి. లోపల టీవీలో పెళ్ళి ఉంగరాన్ని కుక్క నోట కరుచుకుని పరిగెత్తింది. దాని వెంట పడ్డ లార్డు గారు, పెళ్ళి కోటుతో సహా కొలనులో బోర్లాపడ్డాడు.

డోరీన్ నవ్వలేక కుర్చీలోంచి జారిపోయింది.

"లార్డు గారి ముక్కు ఇంత ఎర్రగా ఉంటుందటే!" అంది.

"నీకేం తెలుస్తుంది తల్లీ, మీ ఇంట్లో బూడిద రంగు ముక్కేగా!" అంటించింది బెరిల్.

ఆ దెబ్బకి గది మరోసారి ఘొల్లుమంది.

పెళ్ళయింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన తడిసి ముద్దయి దిగాడు.

"కొలనులో పడ్డప్పుడు నవ్వారామ్మా?"

"నవ్వడమా! చచ్చిపోయాం అనుకో! ఉండు, టీ తాగి వెళ్దువుగాని."

ఆయన మొహం వెలిగిపోయింది. చలికి వణుకుతూనే టోపీ ఎత్తి, సెలవు తీసుకున్నాడు.

టీ నీళ్ళు మరిగేలోగా మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి పనిముట్ల సంచీతో క్లిఫ్ అనే మనిషి.

"ఏమనుకోకమ్మా, ఆలస్యమైంది. యాంటెన్నా ఎక్కడ?"

బెరిల్ నోరు తెరిచింది. "మెకానిక్‌వి నువ్వా? మరి పైకెక్కిందెవరు?"

"ఆయనా! సందు చివర కారు ఆగిపోతే ఇప్పుడే తోసి పంపించాను. ఆఖరి భాగం టైముకి ఇల్లు చేరలేనని, ఓ మూల కూర్చుని చూడనిస్తారేమోనని మీ తలుపు తట్టాడట."

"అయ్యో, నేను చెప్పనిస్తేగా! ఏమీ చూడనేలేదు పాపం!"

"చూడకపోతేనేం, మీ నవ్వులు కప్పు మీదికి భలే వినిపించాయని ఒకటే సంబరం."

"ఎవరయ్యా ఆయన?"

క్లిఫ్ ఆమెను వింతగా చూశాడు.

"పోల్చుకోలేదా? పెట్టుడు మీసం తీసేస్తే మన లార్డ్ మార్చ్‌బీ అలాగే ఉంటాడమ్మా."