చూసింది చెప్పకూడదు

జైల్లో చనిపోయిన మా అబ్బాయి క్లీవన్ తరఫున మేం వేసిన దావాలో, జైలువాళ్లు ఇచ్చిన ప్రతి కాగితం మీదా 'రహస్యం' అని ముద్ర ఉంది. భద్రత కోసమట. చరిత్రలో ఏ రాజ్యమైనా తన సిగ్గుకు పెట్టుకునే పేరు అదే.

సెల్మా ఊళ్లోని తన ఆఫీసులో మా లాయరమ్మ జైలు కెమెరా వీడియో పెట్టేముందు ఒక కాగితం నా వైపు జరిపింది.

"చూసింది బయట ఎవరితోనూ అనకూడదు, పెద్దాయనా. జడ్జి ఉత్తర్వు."

"నా కొడుకు చావు నేను చూడ్డానికి వాళ్లకు నా సంతకమా?"

"ఎంతో కొట్లాడితే ఈ మాత్రం ఒప్పుకున్నారు."

సంతకం చేసి చూశాను. ఇన్సులిన్ అందని మావాడు తలుపు కొడుతూ "అమ్మా, అమ్మా" అని చాలాసేపు పిలిచాడు. కాపలావాడు కాఫీ తాగుతూ ఆ తలుపు ముందు నుంచే వెళ్లాడు. తర్వాత పిలుపు ఆగిపోయింది.

బయట ట్రక్కులో నా భార్య ఎర్నెస్టీన్ కూర్చుని ఉంది.

"నిద్రలోనే పోయాడని జైలువాళ్లు అన్నారుగా. నిజమేనా? నన్నేమైనా తలుచుకున్నాడా?"

"చెప్పకూడదట. చెబితే కేసు పోతుందట."

"కన్నతల్లికి కూడానా? ఏం మనిషయ్యా ఆ జడ్జి?"

తల్లి కూడా సంతకం చేస్తే ఆమెకూ చూపించవచ్చని లాయరమ్మ చెప్పింది. ఎర్నెస్టీన్ పేరు రాసిచ్చిన ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది.

బండి తీస్తూ, ఆ జడ్జిని ఎర్నెస్టీన్ కంటే గట్టిగా తిట్టాను.