రెట్టింపు డివిడెండు

ఈ ఏడు మా గొడుగుల కంపెనీ రెట్టింపు డివిడెండు ఇస్తోందని నేను ప్రకటించగానే, అందరికంటే ఎక్కువ వాటాలున్న పిన్ని ఎగిరి గంతేసింది. వయసు మరిచి, నన్ను పట్టుకుని హాలంతా గిరగిరా తిప్పింది.

"అన్ని లాభాలొచ్చాయటే?" అంది ఆయాసపడుతూ.

పిన్ని దగ్గర నాకు అబద్ధం రాదు. "వానలే లేవు, లాభాలెక్కడివి? డివిడెండు తగ్గితే వాటా ధర పడిపోతుందని అప్పు తెచ్చి పంచుతున్నాం."

"మన మొహాలకి అప్పెవరిచ్చారే?"

"నువ్వే. కిందటి నెల కంపెనీలో డిపాజిట్ వేశావుగా."

 పిన్ని కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "అయితే వడ్డీ కూడా నాకేగా" అంటూ మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

"నీకే పిన్నీ. ఈ డివిడెండు కూడా డిపాజిట్ వేశావంటే, ఆ డబ్బుతోనే నీ వడ్డీ కట్టేస్తాం."